నా బండలు, వాళ్ల ఫొటో

మోకాలి ఆపరేషన్ అయిన నా భార్యను ఆటోవాడు మెయిన్ రోడ్డు మీదే దించేశాడు. "మీ వీధిలోకి రాలేనమ్మా, బండి ఇరుసు పోతాది" అన్నాడు. వానలో, ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో కర్రనూ పట్టుకుని, గుంత తర్వాత గుంత దాటుకుంటూ ఆమె ఇంటికి నడిచింది. ఆటోలో కూర్చున్న పచ్చ చొక్కావాడు ఒకడు నవ్వాడు. వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. కసరత్తు కోసం ఆమె వారానికి మూడుసార్లు కర్నూలు ఆస్పత్రికి పోవాలి. పోకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు.

సోమవారం రోడ్డు గురించి అర్జీ పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాను. ఇంజనీరు ముందు ఒకే కుర్చీ ఉంది. దాని మీద ఆయన టిఫిన్ క్యారియర్ ఉంది. దాన్ని తీయలేదు. నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"ఉండే నిధులు తక్కువ, పెద్దాయనా. పూర్తిగా పోయిన రోడ్డు బాగుచేస్తే అన్నీ దానికే అయిపోతాయి. బాగుండే రోడ్డుకు ముందే ఒక తారు పూత వేస్తే ఇంకా శానా ఏండ్లు ఉంటాది. మీది ఆ దశ దాటిపోయింది."

"అంటే మా వీధి చచ్చిపోయినట్టేనా సార్?"

"నేనట్ల అన్లేదు."

"ఇంగెట్ల అన్నారు?"

ఆయన ఫోను చూసుకున్నాడు.

ఆ లెక్క తప్పని నేననను. మిద్దె కారక ముందే పగుళ్లు పూడ్చుకోవాలని మాకూ తెలుసు. కానీ మా రోడ్డు పగుళ్లు వేలెడంత ఉన్నప్పుడు అర్జీ ఇచ్చింది కూడా నేనే! "ఇంకా బాగానే ఉండాది కదప్పా" అని అప్పుడు తిప్పి పంపారు. బాగున్నప్పుడు బాగుందని చేయరు, పోయాక పోయిందని చేయరు. ఆ అర్జీ రసీదు ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

మా ఎదురింటాయన బండల పాలిష్ మిల్లులో పనిచేస్తాడు. ఆయనే అన్నాడు.

"ఎన్ని కాగితాలు రాస్తావన్నా? మా మిల్లు బయట విరిగిన కడప బండలు కుప్పలు పడుండాయి. తెచ్చి పరుచుకుందాం."

"పన్ను కట్టేవాణ్ణి నేనెందుకు పరచాల భాయ్?"

"బండలు వదిన కోసం పరుచు. పన్ను కోసం అర్జీ రాసుకో."

ఆదివారం ఇద్దరం ట్రాలీ ఆటోలో తెచ్చి, గుంతల్లో గరుసు మట్టి పోసి గట్టిగా కొట్టి, పైన బండలు పరిచాం. నల్లగా, పెద్దా చిన్నా ముక్కలతో వీధి బొంతలా తయారైంది. మరుసటి రోజు ఆటో మా గేటు దాకా వచ్చింది.

నాలుగు రోజులకు ఆఫీసు నుంచి నా ఫోనుకు మెసేజి వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని. కింద ఫొటో కూడా పెట్టారు. అవి నా బండలు! ఫొటోలో ఓ మూలన నా చెప్పులు కూడా పడ్డాయి, తెగిన పట్టీకి తీగ చుట్టినవి.

నేను గడ్డపార తీసుకుని బయటికొచ్చి ఒక బండ కింద మొన దించాను. నా భార్య కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆ బండ మీదే నిలబడింది.

"పెరుకు. పెరికి, రేపు నన్ను ఎత్తుకొని పోతావా ఆస్పత్రికి?"

"వాళ్లు చేసినట్టు రాసుకున్నారే!"

"రాసుకోనీ. నేను నడిచేది వాళ్ల కాగితం మీదనా?"

ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి నవ్వాడు. "ఓ వారకు ఉండేది ఒకటి పెరుక్కో అన్నా. నువ్వూ ఒక ఫొటో తీసి చూపేదానికి అది చాలు."

ఆయన ఎగతాళికే అన్నాడు. నేను నిజంగానే పెరికాను. గోడవారన, ఆటో చక్రం గానీ ఆమె కర్ర గానీ పడని చోట, ఒక్కటంటే ఒక్క బండ. కింది గరుసు తోడేసి, గుంత లోతు తెలిసేలా అందులో తీగ చుట్టిన అదే చెప్పు పెట్టి ఫొటో తీశాను.

సోమవారం రెండు ఫొటోలూ ప్రింటు తీయించుకుని మళ్లీ పోయాను. కుర్చీ మీద అదే క్యారియర్ ఉంది. దాన్ని తీసి కింద పెట్టి, కూర్చుని, వాళ్లదీ నాదీ పక్కపక్కన ఆయన బల్ల మీద పెట్టాను. రెండింట్లోనూ అదే చెప్పు.