ముత్తవ్వ చూపు

స్టూడియో అద్దంలో శాంపిల్ కోసం నా ఫొటో పెడితే, గిరాకీ రావడం లేదని మా సేటు తీసేయించాడు. తీసేసిన మర్నాడే జనం వచ్చారు. బడి మధ్యలో మానేసినవాడికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు?

శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చిన కొన్నేళ్లకు పంచాయతీ ఎన్నికలు పడ్డాయి. మాకు ఫ్లెక్సీల పని. ఆడవాళ్ల సీటైతే ఒకటే పద్ధతి: దండం పెడుతూ భర్త నిలువెత్తున, పోటీ చేసే ఆవిడ మూలన పాస్‌పోర్టు సైజులో. పాల్మాకుల ఊళ్లో సర్పంచ్‌గా నిలబడ్డ, నాకు వరసకు అక్కయ్యే ఆవిడ భర్త కూడా అలాగే చెప్పి, తన ఫొటో ఇచ్చి వెళ్లాడు.

సాయంత్రం అక్క ఒక్కతే వచ్చింది. కొంగు చాటు నుంచి పాత ఫొటో ఒకటి తీసింది.

"మా ముత్తవ్వ. పరదా బండ్ల పట్నం పోయి ఫొటో దిగిందట. గా స్టూడియోల మొగోళ్లు అడుగు పెట్టొద్దు. తీసేది గూడ ఆడామెనే."

గోధుమ రంగు తిరిగిన అట్ట మీద, కుర్చీలో ఒక స్త్రీ. చెయ్యి పుస్తకం మీద. వెనక తెర మీద గీసిన మేడ పొగమంచులో తేలుతున్నట్టుంది. నవ్వు లేదు, బెదురూ లేదు. ఆ చూపు మగవాళ్ల కోసం కాదు. పిలవని ఇంట్లోకి అడుగుపెట్టినట్టు నేనే తల దించుకున్నాను.

"మొగోళ్లకు చూపియ్యొద్దని చీరల పెట్టెల దాశేటోళ్లు. నేను గిట్లనే దిగాలె. ఒక్కదాన్నే. ఊరంత చూడాలె."

"బావ ఊకుంటడా అక్కా?"

"నిలవడ్డది నేను. నా మొకమే తెల్వకుంటే, రేపు పంచాయతీల నన్ను కుర్సీ మీద ఎవలు కూసోనిస్తరు?"

అక్కను సేటు కుర్చీలో కూర్చోబెట్టాను. పుస్తకం దొరకలేదు, పుస్తకాలున్న చోట నేనెందుకుంటాను? నవ్వించాలని నా శాంపిల్ ఫొటో కథ చెప్పాను. నవ్వలేదు. నేరుగా చూసింది. పైన విమానం దిగుతోంది, అద్దాలు సన్నగా వణికాయి. ఫ్లాష్ వెలిగి ఆరేలోపు, కుర్చీలో ఉన్నది అక్కో, ముత్తవ్వో తెలియలేదు. ముఖాలు తెల్లగా చేయడం నా అలవాటు. ఆ ముఖాన్ని మాత్రం ముట్టుకోబుద్ధి కాలేదు.

తెల్లవారి ఊరి మలుపులో ఫ్లెక్సీ కట్టాం. ఆకాశానికి ఆనుకుని అక్క ఒక్కతే. కింద బావ తన బొమ్మ కోసం అటు వెళ్లి చూస్తాడు, ఇటు వచ్చి చూస్తాడు.

"బావ మస్తు పరేషాన్‌ల ఉన్నడు. జర మూలకన్న పెట్టనియ్యకపోతివేందక్కా?" అన్నాను.

అక్క ఫ్లెక్సీ మీంచి కళ్లు తిప్పలేదు.

"నీ ఫొటో తీసేస్తెనే గిరాకీ వచ్చిందంటివి గద తమ్మీ!"