అక్క వేసిన ఆకు

మునిరత్నం పనిచేసే ఓడ చిన్నది. వందమంది కూడా పట్టరు. రేవు పట్టణాలకు అతిథులను తీసుకెళ్లి, అక్కడి తిండీ, వైనూ, ఆచారాలూ రుచి చూపించడం దాని వ్యాపారం. అందులో అతను భోజనాల హాల్లో వడ్డించేవాడు. లిస్బన్, నేపుల్స్ అని ఊళ్ల పేర్లు గడగడా చెప్పగలడు గానీ, వాటిలో చాలావాటిని గుండ్రటి కిటికీలోంచి చూసిందే. అతిథులు ఊళ్లో తిరుగుతుంటే అతను గ్లాసులు తుడుస్తూ ఉండేవాడు. ఓడలో తెలుగు తెలిసినవాళ్లు మరొకరు లేరు. అక్కతో ఫోనులో మాట్లాడితేనే ఆ భాష నోట పలికేది.

అక్క సెల్లమ్మ తమిళనాట తిరువళ్లూరు దగ్గర పాండూరులో ఒంటరిగా ఉంటుంది. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఇంట్లో నేసే మగ్గం ఆగిపోయాక మునిరత్నం చెన్నైలో హోటలుకూ, అక్కణ్ణుంచి ఓడకూ వెళ్లాడు. అతని పెళ్లి మాట వాయిదా పడుతూ పడుతూ చివరికి ఎవరూ ఎత్తడం మానేశారు.

ఒక చలికాలం ఓడ చెన్నైకి వస్తుందని తెలిసింది. యాత్రల మేనేజరమ్మ అతన్ని పిలిచి, కొద్దిమంది అతిథులకు మీ ఇంట్లో భోజనం పెట్టించగలవా అని అడిగింది. అతను సంబరంగా ఫోను చేస్తే, అక్క వంట సంగతులేమీ అడగలేదు.

"నువ్వూ వస్తావు గదరా?"

"నేనే పిలుచుకోని వస్తానక్కా."

ఆ రోజు బస్సు ఇంటి ముందు ఆగింది. తెల్ల యూనిఫారం, గుండెమీద పేరు బిళ్ల. మునిరత్నం ముందుగా దిగాడు. సెల్లమ్మ రెండు చేతులూ చాచి ఎదురొచ్చింది. అప్పటికే అతను వెనక్కి తిరిగి, ముసలి అతిథులకు చెయ్యి అందించి దించుతున్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది.

ఐసుపెట్టెలో తెల్ల వైను కూడా వచ్చింది. వంకాయ కారక్కుళంబు పులుసుకు అది బాగా నప్పుతుందని ఓడలో వైను గురించి చెప్పే పెద్దమనిషి అన్నాడు. ఈ సంగతి మునిరత్నం అక్కకు ముందే చెప్పలేదు, చెప్పడానికి నోరు రాక. మురుగన్ పటం కింద నిలబడి అతను గ్లాసుల్లో వైను పోస్తుంటే, సెల్లమ్మ పటం ముందున్న దీపం తీసుకెళ్లి లోపల పెట్టుకుంది.

అతిథులు ప్రతి కూరా ఏమిటని అడిగారు. చిన్నప్పుడు తను తిన్న తిండి గురించి, పరాయి ఊరి వంట గురించి చెప్పినట్టే అతను ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. సిమెంటుతో పూడ్చేసిన మగ్గం గుంతను చూపించమంటే చూపించాడు. ఫొటోలు తీసుకున్నారు.

అరిటాకుల వరస చివర ఒక ఆకు ఖాళీగా ఉంది.

"కూసోరా. అది నీకే ఏసినా."

"డ్యూటీలో ఉండానక్కా. వాళ్లతో కూసోకూడదు."

సెల్లమ్మ ఆ ఆకులోనే అన్నం, కూరలు సర్ది పొట్లం కట్టింది. బస్సు హారను కొడుతుంటే చేతిలో పెట్టింది.

బయటి తిండి ఓడలోకి తేకూడదు. అతిథులందరినీ ఎక్కించి, మునిరత్నం రేవు గేటు బయట పిట్టగోడమీద కూర్చుని పొట్లం విప్పాడు. అన్నం చల్లారిపోయింది. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తిని అక్కకు ఫోను చేశాడు.

"తిన్నావా?"

"తిన్నానక్కా."

"వాళ్లు తిన్నాక నాతో కొంచేపు మాట్లాడతావనుకొంటి. యాడ? బస్సెక్కేసినావు."

సాయంత్రం భోజనాల దగ్గర ఒకావిడ, అలాంటి ఇల్లు ఉన్నందుకు నువ్వు అదృష్టవంతుడివి అంది. అతను థాంక్స్ చెప్పి ఆమె గ్లాసు నింపాడు.

మరుసటి ఏడు మేనేజరమ్మ మళ్లీ అడిగింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఉండటం లేదని మునిరత్నం అబద్ధం చెప్పాడు. ఓడ చెన్నైలో ఆగే ఒక్క పూటా తనకు సెలవిమ్మని వేడుకున్నాడు. అతిథులు ఎక్కువగా ఉన్నారని ఇవ్వలేదు.

ఓడ చెన్నైలో ఆగింది. సంగతి తెలిస్తే అక్క రైలెక్కి గేటు దాకా వచ్చేస్తుంది, కాపలావాళ్లు లోపలికి రానివ్వరు, తను బయటికి పోలేడు. అయినా ఆ గొంతు వినకుండా ఉండలేక డెక్కుమీద నిలబడి ఫోను చేశాడు.

"ఇప్పుడు ఏ ఊర్లో ఉండావురా?" అని అడిగింది సెల్లమ్మ.

"దూరంగా ఉండానక్కా," అన్నాడు.