తలుపు మీది బొట్టు

మా చెల్లెలు టీవీలో అన్న మాట నాకు పొల్లుపోకుండా గుర్తుంది. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే, "ఎవరూ నేర్పలేదు, నాకే వచ్చేసింది" అంది నవ్వుతూ. మా ఊరు దుబల్గుండిలో బతుకమ్మ ఆడేటప్పుడు ప్రతి చరణం ఎత్తుకున్నది నేను. నా కొంగు పట్టుకుని వెనక "ఉయ్యాలో" అన్నది తను. ఆ రోజు నుంచి దాని ఫోను ఎత్తడం మానేశాను.

అన్నాళ్లూ హైదరాబాదు నుంచి వేరేవాళ్ల కచేరీలకు వెళ్లి ఒకటి రెండు పాటలు పాడి వచ్చేది. పోయిన ఏడాది మొదటిసారి తన పేరు మీదే విదేశాల్లో కచేరీలు ఖాయమయ్యాయి. పోస్టరు మీద తనొక్కతే. మొదటిది దుబాయిలో. మేనేజరు నాకు ఫోను చేశాడు.

"అమ్మా, మన బతుకమ్మ పాట మీరు ఎత్తుకుంటేనే పాడుతనంటున్నది మేడం. మీ పాస్‌పోర్టు ఆమె దగ్గర్నే ఉన్నదట గద. వీసా మేం చేయిస్తం."

"మీ మేడంకు కాళ్లు లేవా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలువమను. బొట్టు పెట్టిన తెల్లారే నేనే హైదరాబాదుకొస్తా. అందాక ఫోన్ చెయ్యకు."

ఆయన నవ్వాడు. నేను నవ్వులాటకు అనలేదు.

నా భర్త పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి శుభకార్యాలకు పిలవడానికి వచ్చేవాళ్లు కుంకుమ భరిణె కొంగు చాటున పెట్టుకుని, "నువ్వు కూడ రా" అని నోటిమాట చెప్పి వెళ్తారు. బతుకమ్మ దగ్గర కూడా పాట ఎత్తుకునే చోటు నుంచి నన్ను మెల్లగా వెనక్కి జరిపారు. ఎవరెవరు జరిపారో ఇప్పటికీ చెప్పగలను. నా చెల్లెలు వాళ్లలో ఒకతో కాదో చూడాలనుకున్నాను.

బీదరులో నేనుండే ఇంటికి రెండు వాటాలు, వీధి తలుపు ఒకటే. రెండో వాటాలో జహీరాబాదు నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు ఉంది. తన వ్రతానికి గల్లీలో ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి, నాకు మాత్రం మెట్ల మీద నిలబడి చెప్పింది. ఆ తర్వాత ఆమెతో నేను మాట్లాడలేదు.

పది రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఆ కోపంతో హుమ్నాబాదులో ఆడబిడ్డ ఇంటికి వెళ్లి రెండు రోజులుండి వచ్చాను. వచ్చేసరికి వీధి తలుపు మీద కుంకుమ బొట్టు కనిపించింది. పిలవడానికి వచ్చినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే అలా తలుపుకు పెట్టి పోతారు. భర్త లేని ఆడదాని కోసం తలుపుకు ఎవరు పెడతారు? ఆ పిల్లకే అనుకున్నాను. ఆమె వైభోగం రోజూ నేనెందుకు చూడాలని తడిగుడ్డతో తుడిచేశాను.

దుబాయి కచేరీని మెట్ల మీద కూర్చుని ఫోనులో చూశాను. వేదిక మీద రెండు మైకులున్నాయి. డప్పు మొదలైంది. తను చరణం ఎత్తుకోలేదు. రెండో మైకు వైపు చూస్తూ, చరణం పాడేంత సేపు ఊరుకుని, "ఉయ్యాలో" అంది. మళ్లీ ఊరుకుంది. మళ్లీ అంది. జనానికి అర్థం కాక ఈలలు వేశారు. బాగా అయింది అనుకున్నాను. మూడోసారి కూడా ఆ ఖాళీ మైకు వైపే చూసింది.

ఆ చప్పుడుకు పక్కవాటా పిల్ల బయటికి వచ్చింది.

"అక్కా, మీ చెల్లె పాట ఇయ్యాల్నేనా? నువ్వు పోలేదా?"

"పిలిచినోళ్లెవరు?" అన్నాను, ఆమెతో మాట్లాడనన్న సంగతి మరిచిపోయి.

"అట్లంటవేంది? నువ్వు హుమ్నాబాద్ పోయిన్నాడే మీ చెల్లె వచ్చె గద. గంటసేపు గీ మెట్ల మీదనే కూసున్నది. చాయ్ ఇస్త అన్న, వద్దన్నది. తలుపుకు బొట్టు పెట్టి పోయింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నాతోటి మాట్లాడితే గద అక్కా."

లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. నేను తుడిచిన చోట రంగు కూడా మిగల్లేదు. నేను తుడిచిందేదీ సగం సగం ఉండదు.

ఆ రాత్రి నుంచి ఎన్నిసార్లు ఫోను చేశానో. ఎత్తలేదు. దుబాయి తర్వాత ఇంకా మూడు దేశాలు తిరిగి వచ్చింది. ఆ కచేరీల్లో ఆ పాట లేదట. అది నా చెల్లెలే, అంత తొందరగా మరిచిపోదు.

ఒక చీటీ రాసి తలుపు సందులో పెట్టి ఉండవచ్చు కదా అని నేను ఇప్పటికీ అంటాను. కానీ చీటీ అడగలేదు నేను. బొట్టు అడిగాను. పెట్టింది.