టీచర్ గారి ఫోన్‌లో నేను తుడిపించిన పాలసీ

ఒక శుక్రవారం సాయంత్రం ఖాజాగూడ చెరువు దగ్గర మలుపులో నా కారు ఒక ఆటోను గుద్దింది. తప్పు నాదే. ఉద్యోగం పోయి తొమ్మిది రోజులైంది, ఆ ఆలోచనల్లో ముందు చూసుకోలేదు. ఆటో డ్రైవరు కాలు విరిగింది. అతన్ని దవాఖానలో చేర్చి పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఎస్సై అడిగిన మొదటి మాట, "ఇన్సూరెన్స్ కాగితం ఏది సార్?"

నా దగ్గర లేదు. రెన్యువల్ చేయించిన మాట నిజం. కానీ పాలసీ వచ్చింది ఆఫీసు మెయిల్‌కి. నన్ను తీసేసిన రోజు లాప్‌టాప్ ఇంకా నా చేతిలో ఉండగానే మెయిల్ ఆగిపోయింది. సిమ్ కూడా ఆఫీసుదే, అదీ తీసుకున్నారు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పమన్నారు. అది వెళ్ళేది ఆ రెండింటికే. బండి కాగితాలు చూపించే సర్కారు యాప్‌లో చూస్తే కొత్తది ఇంకా ఎక్కలేదు, పాత పాలసీయే ఉంది, గడువు ముగిసిపోయి.

దవాఖాన వరండాలో డ్రైవరు తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. "ఏంది సార్, కారేమో గింత పెద్దది, కాగితం లేదంటవు. మా అన్నకు ఎవరు దిక్కు?"

"ఉంది. రెండు రోజులు ఆగు."

"ఉంటే కార్ల ఉండాలె. మా ఆటోకు ఉంది, చూడు." ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం తీసి నా ముఖం ముందు ఊపాడు.

నా పాలసీ చేయించింది గోపన్‌పల్లిలో ఉండే ఒక టీచర్ గారు. గోదావరి వైపు మనిషి. బడి అయ్యాక, ఆదివారం చర్చి అయ్యాక, పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చి ఏజెంటుగా పాలసీలు చేయించేవారు. అందరి కాపీలూ ఆమె ఫోన్‌లో ఉండేవి. నేనేమో సమాచార భద్రత విభాగంలో పనిచేసేవాణ్ణి. నా పత్రాలు మీ ఫోన్‌లో ఉండకూడదని రెన్యువల్ రోజు ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను.

"తీసేస్తానండి. కానీ ఒకటి ప్రింటు తీసి కార్లో పెట్టుకోండి సార్, ఇంకోటి ఇంట్లో" అన్నారు.

"ఈ కాలంలో ప్రింటేమిటి టీచర్ గారూ!" అని నవ్వాను. ఎదురుగా నిలబడి మరీ తుడిపించాను.

మర్నాడు పొద్దున ఎస్సై ఆమెను స్టేషన్‌కి పిలిపించాడు. "చేయించానండి. కాపీ తీసేయమన్నది సారే. బ్రాంచి తెరిచేది సోమవారం, అప్పుడు తెస్తాను" అన్నారు. ఎస్సై నా వైపు చూశాడు. ఇన్సూరెన్స్ లేదని తేలితే ఇంకో కేసు నా మీద, ఆటో అతని పరిహారమంతా నా నెత్తిన. "నేనలా అనలేదు. అసలు పాలసీ చేయించారో లేదో" అన్నాను. ఆ పూటే అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆమె దగ్గర పాలసీలు తీసుకున్నవాళ్ళు జాగ్రత్త అని పెట్టాను. గంటలోపే ఆమెకు ఫోన్లు మొదలయ్యాయట.

సోమవారం టీచర్ గారు బడికి సెలవు పెట్టి, బ్రాంచిలో నకలు తీసుకుని నేరుగా స్టేషన్‌కి తెచ్చారు. ప్రమాదం నాటికి పాలసీ అమల్లోనే ఉంది. ఎస్సై నా ముఖం చూడకుండా దాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు. ఆటో అతని క్లెయిము కదిలింది. నేను గ్రూపులో "సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు" అని రాశాను. ఆమె ఊసెత్తలేదు.

మూడు వారాల తర్వాత కింది ఫ్లాటావిడ లిఫ్టులో నాతో అన్నది: "ఆ మోసగత్తె మళ్ళీ వచ్చిందండి. వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు."

ఆ రోజే గోపన్‌పల్లి వెళ్ళాను. టీచర్ గారు తలుపు సగమే తీశారు. క్షమించమన్నాను.

"నాకెందుకండీ చెప్పడం? జరిగింది నాకు తెలుసు కదా. మీ గ్రూపులో చెప్పండి."

"ఇంటికెళ్ళి రాస్తాను."

"ఇక్కడే రాయండి."

గుమ్మంలో నిలబడి రాసి చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని చదివారు. "పొరబడ్డానని రాశారేంటి? ఎస్సై గారి ముందు మీకు అంతా గుర్తుంది సార్."

గుర్తుంది. అబద్ధం చెప్పానని మార్చి పంపాను. ఆమె తలుపు వేసుకున్నారు. గ్రూపులో ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆ వెంటనే ఇంకొకరు నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగారు, అందరూ దాని మీద పడ్డారు.

తిరిగొచ్చి వాచ్‌మన్‌కు కూడా చెప్పాను, ఆమెను రానివ్వమని. "కమిటీ వద్దన్నది సార్. జర మీరే మాట్లాడుండ్రి" అన్నాడు. కమిటీకి మూడుసార్లు రాశాను. ఇంకా జవాబు లేదు.