పొడిచే కోడికి ఫికర్ లేదు

ఇందుమూలంగా పుప్పాలగూడలోని సమస్త కోళ్ళకూ, పుంజులకూ, గంప కింద ఉన్న పిల్లలకూ తెలియజేయడమేమనగా, ఇకమీదట ఒంట్లో బాగాలేకపోతే ఎవరి తిప్పలు వారే పడవలెను. మిమ్మల్ని చూసే మనిషి లేదు. మా పక్కింటి అత్త మొన్న మంగళవారం పోయింది.

అత్త అంటే చుట్టరికం కాదు. రెండిళ్ళకూ గోడ ఒకటే కావడం వల్ల కలిసిన వరుస. నా వేషాలకు ఊళ్ళో నవ్వేవాళ్ళున్నారు, తిట్టేవాళ్ళున్నారు. తిరిగి అప్పజెప్పింది మాత్రం ఆమె ఒక్కతే. ఒకసారి ఉల్లిగడ్డకు సున్నం పూసి ఆమె కోడి పొదుగుతున్న గుడ్ల మధ్య పెట్టాను. కొన్నాళ్ళకు పిలిచి, కూర్చోబెట్టి, వేడి జొన్నరొట్టె వేసి, పక్కన ఆ సున్నపు ఉల్లిగడ్డే పెట్టింది. "తిను అల్లుడా, నీ కోసమే పొదిగించిన" అంది.

మాకు పెళ్ళయిన కొత్తలో ఒక నల్ల పెట్టను మా ఆమెకు పాలుకిచ్చింది. పాలుకివ్వడమంటే, మేపేది మేము, పిల్లలు దిగితే చెరిసగం. మా ఆమె ఆ కోడిని నాకంటే బాగా చూసుకునేది. అందులో తప్పు పట్టడానికి లేదు, అది గుడ్లు పెట్టేది.

ఒక ఎండాకాలం ఆ నల్లది గంపలోంచి లేవడం మానేసింది. పొదుగుకు కూర్చుందనుకున్నాం. వేళ కాని వేళ పొదుగుకు కూర్చున్న కోడిని మా వైపు చన్నీళ్ళలో ముంచి లేపుతారు. నేను బకెట్ నిండా బావినీళ్ళు తోడి, కోడిని చంకన పెట్టుకొని వాకిట్లోకి వచ్చాను. గోడ మీదుగా అత్త చూసింది.

"ఏంది అల్లుడా, ఈయాల కోడికి తానమా?"

"పొదుగు మాన్పిస్తున్న అత్తా."

"చెయ్యి వెడ్తె పొడిచిందా?"

"పొడవలే."

"జర ఆగు."

వచ్చి చూసింది. కోడి తోక వాలిపోయి ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి ముక్కుతోంది. తోక కింద మెల్లగా తడిమి అంది: "పొదుగుల ఉన్న కోడైతే పొడుస్తుండె. ఇది పొదుగు కాదురా పిచ్చోడా. గుడ్డు ఇర్కింది. గా చన్నీళ్ళల్ల ముంచితే పాణం పోతుండె."

మా ఆమె ఏడుపు అందుకుంది. "బతుకుతదా అత్తమ్మా?"

"ఏడ్సుడు బంద్ జేసి నీళ్ళు కాగవెట్టు. నీ మొగన్ని నోరు మూసుకోమను. గప్పుడు బతికితె బతుకుతది."

పశువుల దవాఖాన ఉండేది పట్నంలో. అంతదూరం నడిచి వెళ్ళినా ఎద్దుల మధ్య నా కోడిని ఎవరు చూస్తారు? గోరువెచ్చని నీళ్ళలో అత్త మోచెయ్యి ముంచి చూసింది. కోడిని పొట్ట మునిగేదాకా కూర్చోబెట్టి పట్టుకునే పని నాకు పడింది. పొట్ట నొక్కబోతే అత్త నా చేతిమీద ఒకటేసింది. "నొక్కకు. లోపల పల్గితే అయిపాయె. అదే రావాలె."

నీళ్ళు చల్లారినప్పుడల్లా మా ఆమె వేడివి కలిపింది. తర్వాత అత్త దాన్ని తుడిచి, తోక కింద ఆముదం రాసి, పాతచీర పరిచి గంప కింద చీకట్లో పెట్టింది. బెదరకూడదట. ముగ్గురం వాకిట్లో కూర్చున్నాం. పుట్టిన తర్వాత అంతసేపు నేను మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. మధ్యలో ఒక హాస్యం నోటిదాకా వచ్చింది. అత్త చూసిన చూపుకు అది కూడా ఇరుక్కుపోయింది.

పొద్దు వాలేలోపల గంప కింద అలికిడయింది. అత్త గంప ఎత్తింది. గుడ్డు. మామూలుకంటే పెద్దది, పెంకంతా గరుకు. మా ఆమె చెయ్యి పెట్టబోతే నల్లది టక్కున పొడిచింది.

"పొడిచే కోడికి ఫికర్ లేదు" అంది అత్త. నావైపు తిరిగి, "నీ నోరు ఖరాబుగాని, చెయ్యి మంచిదిరా" అంది.

ఆ నల్లదానికి గుడ్డు పెంకులు దంచి నూకల్లో కలిపి పెట్టించింది. అది తర్వాత చాలాసార్లు పొదిగింది. ఇవాళ మా సందులో నా చెప్పుల మీద రెట్టలు వేస్తున్న నల్లకోళ్ళన్నీ దాని సంతానమే. ఎవరింట్లో పిల్ల అలిగి అరిచినా, ఏ కోడలు ఎదురు చెప్పినా అత్త ఆ మాటే అనేది: పొడిచే కోడికి ఫికర్ లేదు.

పోయే ముందు మంచాన పడిందంటే చూడబోయాను. "అత్తా, నీ కోళ్ళన్నీ నా పేర్నే రాసినవా?" అన్నాను. బాగున్న రోజుల్లో అయితే దీనికి చీపురుకట్టతో జవాబు వచ్చేది. కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది. పొడవలేదు. నేను లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. మోచెయ్యి ముంచి చూసుకొని, ఆమె పాదాలు కడిగాను. అంతకుమించి నాకు ఏ వైద్యమూ రాదు. పాదాలు కడుగుతుంటే ఆమె ముఖం మాత్రం తేటగానే ఉంది.

ఇక ఒక్క సంగతి. నా చెయ్యి మంచిదని ఆమె అన్నట్టు పైన రాశాను. అనలేదు. అది నేను కల్పించింది. నన్ను ఎవరైనా మెచ్చుకుంటే కాగితం మీద ఎట్లా ఉంటుందో చూద్దామని. ఆ రోజు గంప ఎత్తాక ఆమె చేసింది వేరే. ఆ గుడ్డు తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే దాని మీదికి మూసింది. గుడ్డు ఇంకా తడిగా, వెచ్చగా ఉంది.