శబరి పొంగిన నాడు డాబా మీది షీట్లు

తెలుగు సరిహద్దు దాటగానే శబరి ఏటి ఒడ్డున ఉండే కోంటాలో మా అన్నకు కిరాణా కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. ఆ డాబా మీద ఒక మూల నా సోలార్ షీట్లు రెండు ఉండేవి. అందరూ చూసే నీలం గాజు పలకలు కావు. పల్చటి ప్లాస్టిక్ మీద సిరాలాంటి రసాయనం పూసి చేసినవి, చుట్టచుట్టి చంకలో పెట్టుకోవచ్చు. నేను పరిశోధన చేసే ల్యాబులో తయారయ్యాయి. మా ఊరి ఎండకూ వానకూ ఎంతకాలం ఆగుతాయో చూద్దామని తెచ్చి కట్టాను.

"మిరపకాయలు ఎండబోసే జాగల ఇవేంది చెల్లె?" అని అన్న సణిగేవాడు. అయినా వాటి మీద దుమ్ము తుడిచేది మాత్రం ఆయనే.

నా పని ఆ షీట్లలో జరిగే నష్టాల మీద. వెలుగు పడగానే ఆ పొరలో కరెంటు పుడుతుంది. కానీ తీగదాకా చేరకముందే కొంత శక్తి లోపలే వేడిగా మారిపోతుంది. పోయినకొద్దీ ఓల్టేజీ పడిపోతుంది. ఒక షీటు పాత రకం. రెండోది ఆ నష్టం తగ్గేలా కొత్త పదార్థంతో నేను చేసింది. వానాకాలం మబ్బు వెలుగులో రెండూ ఎట్లా నడుస్తున్నాయో చూడ్డానికి ఆ జులైలో ఇంటికి వచ్చాను.

వచ్చిన వారంలోనే గోదావరి నిండి శబరిని వెనక్కి తోసింది. మా వీధి వాళ్లంతా బడిలో పెట్టిన శిబిరానికి వెళ్లిపోయారు. అన్న కదల్లేదు. "సామాను వదిలి ఎట్ల వస్త?" అన్నాడు. ఆయన్ను వదిలి వదినా, నేనూ వెళ్లలేకపోయాం. కరెంటు పోయింది. చుట్టాలకు క్షేమం చెప్పి చెప్పి మా ఫోన్లన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి.

ఆ పొద్దున నీళ్లు కొట్టులో గల్లాపెట్టె దాకా వచ్చాయి. మెట్ల మీద పెట్టిన పప్పు బస్తాలను అన్న పైకి మోస్తున్నాడు. ఉన్నట్టుండి అరిచాడు. మేం పరుగెత్తేసరికి చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూలబడి ఉన్నాడు. బస్తాల సందులోంచి మందపాటి పాము ఒకటి నీళ్లలోకి జారిపోవడం నేను చూశాను.

బొటనవేలి పక్కన రెండు గాట్లు. చూస్తుండగానే వాపు మొదలైంది. వదిన చీర కొంగు చింపి బిగించి కట్టబోయింది.

"గట్టిగ కట్టొద్దు వదినా. చెయ్యి కదలకుంట ఉంటే చాలు."

సబ్బుల పెట్టె చెక్క ఊడదీసి చేతికి ఆనించి తువ్వాలు చుట్టాం. మెల్లగా డాబా మీదికి చేర్చి గొంతులు పోయేలా అరిచాం. పెద్ద రోడ్డు వైపు మోటారు పడవ చప్పుడు వినిపిస్తోంది గానీ మా గొంతు వాళ్లకు అందలేదు. సందులో నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. దిగితే తిరిగొచ్చే దారి లేదు.

వదిన నా భుజం పట్టుకుని ఆ మూలకు చూపించింది. "అవి కరెంటు చెయ్యవా?"

షీట్లు కొలతల పెట్టెకు తగిలించి ఉన్నాయి. తీస్తే నెలల తరబడి నడిచిన ప్రయోగం అక్కడితో తెగిపోతుంది. అది నాకు పట్టలేదు. నా భయమంతా మబ్బు గురించి. ఆకాశం తడిసిన గోనెలా ఉంది.

కొట్టుకు సరుకు తెచ్చే వ్యానును ముందే మెరకకు పంపేశాం. అందులో పెట్టే ఫోను చార్జరు మాత్రం ఇంట్లో దొరికింది. తీగలు కోసి, రెండు షీట్లూ వరసగా కలిపి దానికి ఇచ్చి, అన్న ఫోను తగిలించాను. ఎర్రలైటు మినుక్కుమని ఆరిపోయింది. పాత షీటు అంచుల్లోంచి తేమ దిగి మచ్చలు పడ్డాయి. అది రెండోదాన్ని కూడా ముందుకు పోనివ్వడం లేదు. దాన్ని తీసేశాను. ఇక కొత్తదొక్కటే. ఈ వెలుగులో దాని ఓల్టేజీ చార్జరుకు సరిపోతుందో లేదో నాకే తెలియదు. మీటరు పెట్టి చూశాను. అంచు మీద ఉంది.

తడి తుడిచి, ఆకాశం కాస్త తెల్లగా ఉన్న వైపుకు వదినా నేనూ దాన్ని నెత్తిమీద ఎత్తి పట్టుకున్నాం. లైటు వెలిగింది. ఈసారి నిలిచింది. అన్న బటన్ ఫోనులో బ్యాటరీ బొమ్మ కదలడం మొదలైంది.

అన్న గోడకు ఆనుకుని వాంతి చేసుకున్నాడు. గాట్ల నుంచి నెత్తురు కారుతూనే ఉంది.

"ఇంక ఫోన్ వెయ్యి," వదిన ఏడుపు గొంతుతో అంది.

"ఇప్పుడే వేస్తే వెలిగి మళ్ల ఆరిపోతది. కొంచెం ఆగు."

"ఎంతసేపు ఆగాలె? ఆయన మొఖం చూడు!"

నేను చూడలేదు. చూస్తే ఆగలేనని తెలుసు. చినుకులు మొదలయ్యాయి. ఇంక వెలుగు తగ్గడమే గానీ పెరగదని అర్థమై ఫోను నొక్కాను.

సిగ్నల్ ఒక్క గీత. ఆపద నంబరు రెండుసార్లు కలవలేదు. మూడోసారి ఎవరో ఎత్తారు. "సాంప్ నే కాటా హై", పాము కరిచిందని అరిచి, బస్టాండు వెనక సందు, కిరాణా కొట్టు, డాబా మీద ఉన్నాం అని హిందీలో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అవతలి మనిషి "కౌన్ సీ గలీ?" అని ఏ సందో అడుగుతుండగా ఫోను చచ్చిపోయింది.

వాళ్లకు ఎంత వినపడిందో తెలియదు. మళ్లీ షీటు ఎత్తి పట్టుకున్నాం. లైటు రాలేదు. వానలో అట్లాగే నిలబడ్డాం, దించడానికి మనసొప్పక. చాలాసేపటికి మోటారు చప్పుడు మా సందులోకి తిరిగింది. వదిన షీటు వదిలేసి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది.

మా ఊరి ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్న నెత్తురు గాజు గొట్టంలో తీసి బల్ల మీద కదపకుండా పెట్టింది. గడ్డకడితే భయం లేదంది. కొంతసేపటికి వంచి చూస్తే నీళ్లలా జారింది. విషం ఎక్కిందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. భద్రాచలం పెద్దాసుపత్రికి పంపిద్దామంటే రోడ్డు మునిగి ఉంది. సాయంత్రం మళ్లీ గొట్టం. ఈసారి వంచినా నెత్తురు కదల్లేదు. వదిన అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

అన్న బతికాడు. బొటనవేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు.

నీళ్లు తీశాక మా ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, ప్రయోగం తెగిపోయిందని, ఎందుకో కూడా చెప్పాను. ఆయన ముందుగా మీ అన్న ఎలా ఉన్నాడని అడిగారు. తర్వాత కాస్త మొహమాటంగా, "ఆ వెలుగులో ఓల్టేజీ ఎంత వచ్చిందమ్మా?" అన్నారు.

నాకు చర్రున కోపం వచ్చింది. కానీ చెప్పాను. అన్న పక్కన మూలుగుతుంటే మీటరులో చూసిన ఆ అంకె నాకు బాగా గుర్తుంది.