దుప్పట్ల సందులో వ్యాన్

మధ్యాహ్నం భోజనాల వేళ లాండ్రీలో అందరూ ముందు లంచ్ బాక్సు మూత తీస్తే, పిన్ని ముందు ఫోన్ తీసేది. కుడిచేతిలో ముద్ద, ఎడమచేతి బొటనవేలి కింద ఫోన్ ఆటలోని ఎర్ర కారు. ముద్ద నోటికీ కారు గడిలోకీ ఒకేసారి చేరితే ఆ పూట భోజనం ఒంటబట్టినట్టే.

పిన్ని అక్కడ ఎవరికీ పిన్ని కాదు. హోటళ్ల దుప్పట్లు, తువాళ్లు ఉతికే ఆ లాండ్రీలో ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలీదు కానీ, ఓనరమ్మతో సహా అందరికీ ఆమె పిన్నే. ఆరబెట్టే మిషన్ల పక్కన మడతల బల్ల ఆమెది. మిషన్ తలుపు తెరిస్తే వేడిగాలి మొహం మీద ఫెళ్లున కొడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి అంచుకి అంచు, మూలకి మూల కలుపుతూ మడతలు పెట్టాలి.

ఆ ఆటలో పెద్ద కథేం లేదు. కారు పైనుంచి చూసినట్టు కనిపిస్తుంది. తెర మూలలో ఓ చిన్న స్టీరింగ్ ఉంటుంది. కాలవ పక్కన, ఆగి ఉన్న కార్లూ ఎదురొచ్చే కార్లూ తప్పించుకుంటూ పచ్చగీతల గడిలోకి, దేనికీ తగలకుండా కారును చేర్చాలి. చేరిస్తే టింగుమంటూ మూడు నక్షత్రాలు, తగిలితే మళ్ళీ మొదటినుంచి.

"అందులో ఏముంది పిన్నీ, పొద్దస్తమానం దానికే అతుక్కుపోతావ్?" అని అడిగేది ఇస్త్రీ బల్ల దగ్గరుండే వదిన. ఈవిడా అందరికీ వదినే.

"ఇవాళ నేను మడతపెట్టిన దుప్పటి ఎల్లుండికల్లా నలిగి మళ్ళీ నా బల్ల మీదే పడుతుంది. ఈ కారు అలా కాదమ్మా, పెట్టానంటే పెట్టినట్టే. మళ్ళీ నలిపి తెచ్చేవాడు లేడు."



ఇలా సాగుతుండగా ఓ రోజు, హోటళ్లకి బట్టలు చేరవేసే వ్యాన్ డ్రైవరు పెద్దాయన నెలాఖరుకి మానేస్తానన్నాడు. క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు అరిగిపోయిందట. ఓనరమ్మ అందర్నీ పిలిచి, "మనలో ఎవరైనా నడుపుతారా, బయటివాణ్ణి వెతకనా?" అంది.

"నేను నడుపుతానమ్మా" అన్న మాట వినపడింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ మాట అన్నది తనేనని పిన్నికి అప్పుడు తెలిసింది.

"ఏం నడుపుతావ్ పిన్నీ, ఎర్ర కారేనా?" అంది వదిన. ఇక చూడండి నవ్వులు, మిషన్ల మోత కూడా వినపడలేదు.

పిన్ని మొహం కందిపోయింది కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమెకి లైసెన్సు ఉంది. పెళ్లయిన కొత్తలో వాళ్లాయన దగ్గర పాత కారుండేది, అప్పుడు సరదాకి నేర్చుకుంది. కారు అమ్మేశాక లైసెన్సు బీరువాలో ఉండిపోయింది, ఆమె మిషన్ల వేడిలో ఉండిపోయింది. ఆ వేడికి ఈ మధ్య మెడంతా దద్దుర్లు లేస్తున్నాయి. అయినా అసలు కారణం అది కాదు. వ్యాను వెళ్లే ప్రతిసారీ పెరటి గేటు తెరుచుకుంటుంది, దాని అవతల వీధి కనిపిస్తుంది, గేటు మూసుకుంటుంది. ఒక్కసారైనా గేటు మూసుకునేసరికి తను అవతల ఉండాలని ఆమెకి ఆశ.

"సరే, వ్యాన్ని వీధిలోకి తీసి, గేట్లోంచి రివర్సులో తెచ్చి తలుపు దగ్గర పెట్టు చూద్దాం" అంది ఓనరమ్మ.

పెద్దాయన పక్కన కూర్చున్నాడు. వీధిలోకి తీయడం బాగానే అయింది. రివర్స్ గేరు వేశాక, వెనక భాగం కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎటు తిప్పాలో పిన్ని క్షణం కూడా ఆలోచించలేదు. టక్కున తిప్పింది. పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. వ్యాను అందంగా వంపు తిరిగింది. ఇక నిటారుగా రావాలి కదా, పిన్ని హాయిగా స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది.

వ్యాను వంపు తిరుగుతూనే ఉంది. గేటు స్తంభానికి తగిలి ఫట్‌మంది. వెనక లైటు ముక్కలైంది.

ఓనరమ్మ ముక్కల్ని చూసింది, పిన్నిని చూసింది. "ఇది ఫోను కాదమ్మా, మళ్ళీ మొదటినుంచి ఆడుకోవడానికి" అనేసి లోపలికెళ్లిపోయింది.

పెద్దాయన దిగలేదు. "అమ్మాయ్, అంత చక్కగా తిప్పి, చేతులెందుకు వదిలేశావ్?"

"అందులో వేలు తీసేస్తే చక్రం దానంతటదే నిటారుగా వచ్చేస్తుంది బాబాయ్."

పెద్దాయన కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. "ఆ బండికి నువ్వంటే ఎంత ప్రేమో! దీనికి అంత లేదు తల్లీ. ఇంత నెమ్మదిగా పోయేటప్పుడు నువ్వు తిప్పింది నువ్వే విప్పుకోవాలి." నవ్వాపుకుని, "కానీ రివర్సులో ఎటు తిప్పాలో నాకు ఒంటబట్టడానికి నెలలు పట్టింది. నీకెలా వచ్చింది?" అన్నాడు.

"పైనుంచి చూసీ చూసీ."

"అయితే సగం వచ్చేసినట్టే. మిగతా సగం నేర్పుతా."

మర్నాడు సాయంత్రం పని అయ్యాక పెరట్లో ఆయన రెండు తాళ్లు కట్టి, వాటి మీద చిరుగుల దుప్పట్లు వేలాడదీశాడు. దుప్పట్లే గోడలు, మధ్యలో సందు. "హోటల్ వెనక సందు సరిగ్గా ఇంతే. ఇందులోకి వెనక్కి రా. తగిలినా లైటు పగలదు. కానీ మరకపడ్డ దుప్పటి నువ్వే ఉతకాలి, చేత్తో."

మొదటి సాయంత్రం పిన్ని ఆ దుప్పట్లన్నీ ఉతికింది. రెండో సాయంత్రం కూడా దాదాపు అన్నీ ఉతికింది. ఆటలో తగిలితే వేలితో ఒక్కసారి నొక్కితే చాలు, అంతా కొత్తగా మొదలవుతుంది. ఇక్కడ టబ్బు ముందు చతికిలబడి రుద్దాలి. రుద్దుతున్నంతసేపూ ఏ మూల ఎందుకు తగిలిందో ఆలోచించక తప్పదు.

"సబ్బు ఇలా కరిగిపోతోందేంటి!" అని ఓనరమ్మ గొణిగేది కానీ, తాళ్లు విప్పమని మాత్రం అనలేదు.

"నా బండి నాకే కనబడట్లేదు బాబాయ్, అదే నా బాధ" అంది పిన్ని ఓ రోజు. "అందులో కారంతా కనిపిస్తుంది. ఇక్కడ నేనే లోపల ఉన్నాను. వెనక మూల ఎక్కడుందో ఏమని తెలుస్తుంది?"

"పెద్ద దుప్పటి మడతపెట్టేటప్పుడు అవతలి మూల నీకు కనబడుతుందా?"

"లేదు. చేతికి తెలుస్తుంది."

"ఎన్నాళ్లకి తెలిసింది?"

పిన్ని అద్దాల్లోకి చూసింది. ఇక చూస్తూనే ఉంది, ఎడమద్దం, కుడద్దం, ఎడమద్దం.

మధ్యలో ఓ మధ్యాహ్నం పెద్దాయన, "ఏదీ, ఆ ఫోన్ ఇలా ఇవ్వు" అన్నాడు. ముప్పై ఏళ్లు బండి నడిపిన చెయ్యి కదా అని అందరూ చుట్టూ చేరారు. ఆయన ముట్టుకోగానే ఎర్ర కారు పిచ్చెక్కినట్టు గిర్రున తిరిగి కాలవలో పడింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ కాలవే.

"కాళ్లకి పనే లేని బండేం బండి!" అని ఆయన విసుక్కుంటే, "గేటు బదులు కాలవ దొరికింది, నువ్వే నయం పెద్దాయనా, ముక్కలు ఏరే పని తప్పింది!" అంది వదిన. అందరికంటే ఎక్కువ నవ్వింది పిన్నే.

నెలాఖరు వచ్చేసింది. ఓనరమ్మ ఒక బయటి డ్రైవర్ని కూడా చూసిపెట్టుకుంది. "ఆఖరిసారి చూస్తాను. అవకపోతే అతన్నే రమ్మంటా" అని పిన్నితో కలిసి హోటల్ వెనక సందుకే బయల్దేరింది. వెనక ఉతికిన బట్టల మూటలు నిండా ఉన్నాయి.

ఒక పక్క గోడ, ఒక పక్క నీళ్ల పైపులు. పిన్ని రివర్స్ వేసింది, తిప్పింది, తిప్పినంతా విప్పింది. వ్యాను సందులోకి దూరింది. సగం దాకా వచ్చాక ఎడమద్దంలో పైపు ఉండాల్సిన చోట నీడలాంటిదేదో కనిపించింది. అది పైపా, నీడా? ఇలాంటప్పుడు ఆటలో అయితే తెగించి వెళ్లిపోయేది. పిన్ని బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, బండి ఆపి దిగిపోయింది.

గోడకీ వ్యానుకీ మధ్య పక్కకి తిరిగి దూరి, వెనక్కెళ్లి చూసింది. పైపు బెత్తెడు దూరంలో ఉంది. అరచెయ్యి పెట్టి మరీ కొలిచింది. తిరిగొచ్చి ఎక్కి, స్టీరింగ్ కొంచెం సవరించి, మిగతా సగం వెనక్కి పోయి తలుపు ముందు ఆపింది.

"మధ్యలో దిగావేంటి?" అంది ఓనరమ్మ.

"అనుమానం వచ్చిందమ్మా. చూసుకుంటే పోలా అని..."

"నేను చూసిపెట్టుకున్న కుర్రాడు మొన్న ఇదే సందులో దిగకుండా ఒకే ఊపులో పెట్టి చూపించాడు. పైపుకి వెంట్రుకవాసి దూరమే ఉంది, నాకు ప్రాణం పోయింది. దిగి చూసుకునేవాళ్లే కావాలి నాకు. రేపట్నుంచి పొద్దున బల్ల, మధ్యాహ్నం వ్యాను. రెండూ చేస్తావా?"

మడతల బల్ల పూర్తిగా వదలలేదని పిన్ని బాధపడలేదు. సగం రోజు వీధి దొరికింది, చాలు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఒక్కతే బయల్దేరింది. పెద్ద కూడలిలో కుడికి తిరగాలి, ఎదురుగా వరసగా బళ్లు. ఆటలో ఎదురొచ్చే కార్లు మనల్ని చూడవు, వాటి దారిన అవి పోతుంటాయి. ఎప్పుడు సందు దొరుకుతుందా అని పిన్ని చూస్తోంది. అంతలో ఎదురుగా వస్తున్న పెద్ద బస్సు నెమ్మదించింది, ఆగింది. డ్రైవరు అద్దంలోంచి ఆమెకేసి చూసి, "వెళ్లు, వెళ్లు" అన్నట్టు తలాడించాడు.

ఎవర్నంటున్నాడా అని పిన్ని పక్కకీ వెనక్కీ చూసింది. తననే. నవ్వొచ్చింది, నవ్వేసింది. అతనూ నవ్వాడు. పిన్ని వ్యాన్ని కుడికి తిప్పి, హోటల్ దారి పట్టింది.